గంగయ్య ఎడమ దిక్కు

మనామా, బహ్రెయిన్
25 జులై 1986

అక్కా,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను, ఎండే బాగా లేదు. పొద్దున్నే గోదాము రేకు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారా? బావ మోకాలు నొప్పి తగ్గిందా?

ఒక సంగతి చెప్తాను, నవ్వొద్దు. పోయిన నెల ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ ఆటలు టీవీలో చూసిన తర్వాత మా గదికి కొత్త పిచ్చి పట్టింది. దాని పేరు కాగితం జట్టు. సీజన్ మొదలు కాకముందు ఎవరికి వారు పదకొండు మంది పేర్లు రాసుకోవాలి. ఏ ఊరి జట్టు నుంచైనా తీసుకోవచ్చు. అక్కడ ఆ ఆటగాడు నిజంగా గోల్ కొడితే ఇక్కడ మనకు మార్కులు. గోల్‌కీపర్ బంతిని లోపల పడనీయకపోతే మార్కులు. ఊళ్ళ నుంచి వచ్చే పేపర్లూ ఉత్తరాలే సాక్ష్యం. ఒకసారి రాసిన పేరు మార్చడానికి లేదు. గెలిచినవాడికి కూలర్ కింద మంచం. ఓడినవాడు ఏడాది పొడుగునా శుక్రవారం గిన్నెలు తోమాలి.

మలయాళీలు వాళ్ళ జట్లను, గోవా వాళ్ళు వాళ్ళ జట్లను పట్టుకున్నారు. నేను మన చెన్నూరు నూలు మిల్లు జట్టు నుంచి తీసుకుంటానంటే అందరూ ఒకటే నవ్వు. పోయినేడు మనం రెండే ఆటలు గెలిచామని నేనే చెప్పి పరువు తీసుకున్నాను. రాజలింగు ఒక్కడే "మనోళ్ళనే తీస్కో సాంబన్నా" అన్నాడు. రాజలింగు అంటే మన గోల్‌కీపర్ గంగయ్య బామ్మర్ది. ఈ మధ్యే మా గదికి వచ్చాడు.

బావ జట్టును నడుపుతున్నాడు కానీ ఆయన ఉత్తరంలో "అంతా మంచిదే" తప్ప ఇంకో మాట ఉండదు. నువ్వేమో మన బాపు గ్రౌండులో సున్నం గీతలు గీస్తుంటే గోల్ వెనక కూర్చుని పెరిగినదానివి. నేను లెఫ్ట్ అవుట్ ఆడినన్నాళ్ళూ బావ తిట్లకన్నా నువ్వు అన్నం పెడుతూ చెప్పిన తప్పులే నాకు పనికొచ్చాయి. ఈ ఏడు ఎవడు ఎట్లా ఆడతాడో, ఎవర్ని తీసుకోవాలో, ఎవర్ని వదలాలో దాచకుండా రాయి.

నీ తమ్ముడు
సాంబయ్య


చెన్నూరు, మిల్లు క్వార్టర్లు
14 ఆగస్టు 1986

తమ్మీ,

నీకు ఎండ, మాకు వాన. గోదారి నిండుగా పోతోంది. గ్రౌండులో నీళ్ళు నిలిచి కప్పలు ఆడుకుంటున్నాయి, మనవాళ్ళు బడి ముందర ప్రాక్టీసు చేస్తున్నారు. మీ బావ మోకాలు వానకు గుంజుతోంది. పిల్లలు బాగున్నారు.

కాగితం మీద ఫుట్‌బాల్ ఏమిటో నాకు అర్థం కాలేదు కానీ, అడిగావు కాబట్టి రాస్తున్నాను.

అంతయ్యకు ఎండాకాలంలో పెళ్ళయింది. అత్తగారింటి తిండి కడుపు మీద కనపడుతోంది. పరుగు తగ్గింది. అయినా బంతి ఎక్కడికొస్తుందో అక్కడికి ముందే పోయి నిలబడే బుద్ధి పోలేదు. గోల్స్ కొట్టేది వాడే. తీసుకో.

లెక్కల గదిలో పనిచేసే కొండల్‌రావు రైట్ అవుట్. గాలిలా ఉరుకుతాడు. కానీ బురద అంటుతుందంటే బంతిని వదిలేస్తాడు. చొక్కా ఇంటికి తెల్లగా పోవాలి ఆయనకు. చలికాలం ఆటలుంటే తీసుకో, వానల్లో అయితే వద్దు.

విఠల్ అని ఆసిఫాబాద్ దిక్కు నుంచి కొత్తగా వచ్చాడు. నడుమ ఆడతాడు. బంతి పోగొట్టుకున్నప్పుడల్లా "కాయ్ ఝాలా" అంటూ తననే తాను అడుగుతాడు, ఏమైంది అని వాళ్ళ దిక్కు మాట. ఊపిరి బాగుంది, ఓపిక ఉంది. పై ఏడు చూడాలి వీణ్ణి.

ఇక గంగయ్య. రాయాలంటే చెయ్యి ఆడడం లేదు, కానీ దాచొద్దన్నావు. పైనుంచి వచ్చే బంతి, కుడి దిక్కు బంతి పాతలాగే పడుతున్నాడు. ఎడమ దిక్కున కింద నుంచి వచ్చేదాన్ని మాత్రం చూసీ చూడనట్టు వదిలేస్తున్నాడు. బంతి దాటిపోయాక చేతులొస్తున్నాయి. పొద్దున ప్రాక్టీసుకే కల్లు వాసన. మొన్న మీ బావ ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే "గంగడు అయిపోయిండు. తాగి తాగి చేతులు వణుకుతున్నయ్. గీయేడు వాన్ని నమ్ముకుంటె మునుగుతం" అన్నాడు. మీ బావే అట్లా అన్నాక నేను చెప్పేదేముంది? గంగయ్యను తీసుకోకు.

ఇంకో మాట. కొత్తగా వచ్చిన పర్సనెల్ ఆఫీసర్ కరుణాకర్‌రావు దొర, ఈ ఏడు కూడా అడుగున ఉంటే జట్టు ఎత్తేస్తామన్నాడట. జట్టు పోతే ఆటగాళ్ళ పగటి డ్యూటీలు పోతాయి. ఆట చూసి పనిలో పెట్టుకున్నవాళ్ళను ఉంచుతారో లేదో తెలియదు. అక్కడ మీది కూలర్ కింద మంచం, ఇక్కడ వీళ్ళది బువ్వ. అది గుర్తు పెట్టుకొని ఆడుకోండి.

ఎండలో నెత్తికి తువ్వాల కట్టుకో.

అక్క
కనకవ్వ


మనామా
5 సెప్టెంబరు 1986

అక్కా,

నువ్వు రాసిన ఉత్తరానికి గది గదంతా దండం పెట్టింది! శుక్రవారం అన్నాలయ్యాక అందరి ముందు చదివాను. తెలుగు రానివాళ్ళకు హిందీలో చెప్పాను. కొండల్‌రావు తెల్లచొక్కా సంగతికి గోవా ఆయన మంచం మీది నుంచి కింద పడ్డాడు. విఠల్ "కాయ్ ఝాలా" ఇప్పుడు మా గోదాములో ఊతపదమైంది. పెట్టె జారిపడితే చాలు, అందరూ అదే అంటున్నారు.

గంగయ్య దగ్గరికి వచ్చేసరికి బావ గొంతు పెట్టి చదివాను. లేచి నిలబడి, వణికే చేతులతో బంతిని పట్టబోయి వదిలేసినట్టు చేసి చూపించాను కూడా. మళ్ళీ చెయ్యి, మళ్ళీ చెయ్యి అని మూడుసార్లు చేయించారు. రాజలింగు మధ్యలో లేచి నీళ్ళకని పోయినవాడు మళ్ళీ రాలేదు. ఆయనకు ఈ ఆట మీద అంత ధ్యాస లేదులే.

అంతయ్యను, కొండల్‌రావును తీసుకున్నాను. గోల్‌లోకి బొగ్గుబాయిల జట్టు వాణ్ణి పెట్టుకున్నాను. మన గోల్‌కీపర్‌ను వదిలి పక్కవాణ్ణి తెచ్చుకున్నానని బావకు చెప్పకు, ఉరేస్తాడు.

మొదటి ఆట ఎప్పుడో, ఎవరితోనో వెంటనే రాయి.

సాంబయ్య


చెన్నూరు
23 సెప్టెంబరు 1986

తమ్మీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నువ్వు నవ్వుకుంటూ రాసింది నేను నవ్వలేక చదివాను.

దానికన్నా ముందే రాజలింగు ఉత్తరం వాళ్ళ అక్క పోశవ్వకు చేరింది. ఆమెకు చదువు రాదు కదా. పోస్టుమ్యాన్ గుమ్మంలో నిలబడి గట్టిగా చదివాడట. చుట్టుపక్కల నాలుగిళ్ళ వాళ్ళు విన్నారు. నేను బియ్యం ఏరుతుంటే పోశవ్వ వచ్చి వాకిట్లో నిలబడింది.

"నా మొగని చేతులు వణుకుతున్నయని సముద్రం అవుతలికి రాసినవట కనకవ్వా. గీడ చెప్పుకునేటందుకు మనుషులు కరువైన్రా?"

"గట్ల కాదు పోశవ్వా, తమ్ముడేదో ఆట కోసమని అడిగిండు..."

"మా బతుకు మీకు ఆటయ్యిందా? తాగుతడు, నిజమే. ఎందుకు తాగుతడో ఒక్కనాడన్న అడిగినవా?"

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నీళ్ళిస్తే ముట్టలేదు.

అంతటితో అయితే బాగుండేది. అదే రోజు కరుణాకర్‌రావు దొర మీ బావను పిలిచాడు. జట్టులో ఎవర్ని తగ్గించాలో చెప్పమన్నాడట. ఆయన గోల్‌కీపర్ పేరు ఎత్తగానే మీ బావ "గంగయ్య లేకుంటె జట్టే లేదు దొరా" అని గట్టిగా చెప్పి వచ్చాడు. ఇంట్లో ఎంత తిట్టినా బయట వదులుకునే మనిషి కాదు కదా మీ బావ. కానీ ఆఫీసు మెట్లు దిగుతుంటే గంగయ్య చూశాడు. అప్పటికే ఉత్తరం సంగతి చెవిన పడి ఉంది.

సాయంత్రం గ్రౌండులో అందరి ముందర అడిగాడు. "అన్నా, బయటి దేశందాక చెప్పి పంపినోనివి, ఆఫీసుల చెప్పకుండ ఉంటవా?" మీ బావ ఏదో అనబోయేలోపే ఒంటిమీది అంగీ విప్పి, గోల్ కంబానికి తగిలించి, బనీను మీద ఇంటికి నడిచిపోయాడు.

మీ బావ ఇంటికొచ్చి అడిగింది ఒక్కటే. "ఇంట్ల అన్న మాట గడప ఎట్ల దాటింది?" చెప్పాను. కంచం ముందు నుంచి లేచిపోయాడు.

రాసేటప్పుడు నా బుద్ధి గడ్డి తిన్నది, ఒప్పుకుంటాను. కానీ చదివే ముందు ఆ గదిలో ఎవరు కూర్చున్నారో ఒక్కసారి చూసుకోలేకపోయావా?

కనకవ్వ


మనామా
10 అక్టోబరు 1986

అక్కా,

నీ చివరి మాట నాకు గుచ్చుకుంది. రాసింది నువ్వు. అన్నది బావ. తాగింది గంగయ్య. చదివిన నేనొక్కణ్ణే తప్పు చేసినవాణ్ణయ్యానా? రాజలింగు వినకూడదనుకుంటే ముందే ఆ మాట రాయాల్సింది.

రాజలింగును నిలదీశాను. "ఇంటికెందుకు రాసినవయా? గదిల మాట గదిల ఉండద్దా?" అన్నాను. "మా బావను నువ్వు కోతిలెక్క ఆడిస్తుంటె మా అక్కకు నేను చెప్పుకోవద్దా?" అన్నాడు. చేతులు లేచాయి. మా గదిలోని కలకత్తా ఆయన నడుమకు రాకపోతే ఇద్దరి ఉద్యోగాలూ పోయేవి. రాజలింగు మూట కట్టుకొని చివరి గదికి మారిపోయాడు. ఎదురైతే మొహం తిప్పుకుంటాడు. ఈ ఎడారిలో మన మాట మాట్లాడేవాడు ఒక్కడుండేవాడు, వాడూ లేడు.

బావకు నా మాటగా చెప్పు. తాగేవాణ్ణి ఇంటికి పోయి బతిమాలొద్దు. కొత్తవాణ్ణెవర్నైనా గోల్‌లో పెట్టుకొమ్మను. మనుషులు లేక జట్లు ఆగవు.

మొదటి ఆట అయిపోయి ఉంటుంది. మిగతావాళ్ళవన్నీ తెలిశాయి, మనదే రాలేదు. అందరూ అడుగుతున్నారు. అంతయ్య కొట్టాడా?

సాంబయ్య


చెన్నూరు
1 నవంబరు 1986

సాంబయ్యకు,

నువ్వు అడిగిన ఫలితం రాస్తున్నాను. బొగ్గుబాయిల జట్టు మీద ఆరు సున్నాతో ఓడిపోయాం. గోల్‌లో విఠల్ నిలబడ్డాడు. వాడు ఎప్పుడూ బంతిని చేత్తో పట్టినవాడు కాదు. ఆట అయ్యాక గోల్‌లోనే కూలబడి ఏడ్చాడు. మా మిల్లువాళ్ళే గట్టు మీది నుంచి వాణ్ణి తిట్టారు. అంతయ్య కొట్టలేదు, కాబట్టి నీకు మార్కులు లేవు. బొగ్గుబాయిల గోల్‌కీపర్ ఒక్క గోల్ పడనీయలేదు. ఆ మార్కులు నీవే. సంతోషం.

గంగయ్య ఊళ్ళో లేడు. దసరా అయిపోయాక భీవండి మగ్గాల మీద పనికి పోయాడు. రైలెక్కి పోయాడని పోశవ్వకు కూడా ఇంకెవరో వచ్చి చెప్తే తెలిసింది. ఆమె పొద్దంతా బీడీలు చుడుతోంది. నేను నల్లా దగ్గరికి పోతే బిందె ఎత్తుకొని పక్క వాడకు పోతోంది.

మీ బావ నాతో "ఉప్పున్నదా, నీళ్ళొచ్చినయా" తప్ప మాట్లాడడం లేదు. మనుషులు లేక జట్లు ఆగవు అన్న నీ మాట ఆయనకు చెప్పలేదు. చెప్పను.

ఇక మీదట ఫలితాలు నన్ను అడగకు.

కనకవ్వ


మనామా
20 నవంబరు 1986

అక్కా,

నువ్వు నన్ను 'సాంబయ్యకు' అని పిలిచిన ఉత్తరం ఇదే మొదటిది. దాన్ని జేబులో పెట్టుకొని తిరిగాను. పనిలో మాటిమాటికీ చెయ్యి అక్కడికే పోయింది. విఠల్ ఏడ్చాడన్న చోట నాకు కాగితం జట్టు మీద అసహ్యం పుట్టింది. నా కాగితం చింపేశాను. గిన్నెలు నేనే తోముతానని చెప్పాను.

రాజలింగుకు జ్వరమని విని గంజి కాచి పట్టుకెళ్ళాను. గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు.

"తప్పైంది రాజన్నా. కొడ్తె కొట్టు" అన్నాను.

"కొడ్తె నీ పాపం తీరుతది. మా బావకేం తీరుతది?" అన్నాడు.

గిన్నె పట్టుకొని మంచం పక్కనే కూర్చున్నాను. గంజి చల్లారింది. అప్పుడు తిరిగి నా మొహం చూసి చెప్పాడు. "మా బావకు ఎడమ కన్ను కానొస్తలేదు సాంబన్నా."

పోయినేడు ఎండాకాలంలో పత్తి బేలు విప్పుతుంటే దాని ఇనుప పట్టీ తెగి ఎగిరి కంటికి తగిలిందట. మిల్లులో చెబితే పనికి రావని పంపిస్తారన్న భయంతో గంగయ్య ఎవరికీ చెప్పలేదు. బయట ఎవరితోనో పసరు పోయించుకున్నాడు. కన్ను కొద్దికొద్దిగా మూసుకుపోయింది. ఇప్పుడు కుడికన్ను కూడా నీళ్ళు కారుతోందట. నొప్పి మరిచిపోవడానికి కల్లు. ఈ సంగతి గంగయ్యకూ పోశవ్వకూ రాజలింగుకూ తప్ప ఎవరికీ తెలియదు.

నువ్వు రాసింది గుర్తుందా? ఎడమ దిక్కు, కింది బంతి, దాటిపోయాక చేతులు. నీ చూపు తప్పు కాదు అక్కా. అది తాగుడు వల్ల అనుకున్నామే, అక్కడ మనం తప్పాం. నేను దాన్ని నటించి చూపించి నవ్వించాను.

"మా అక్కకు రాయాల్నా?" అని అడిగాను. "నీకు చెప్తె రాస్తవని తెలిసే చెప్పిన. మీ అక్కకు, మీ బావకు. అంతే. ఇంకో చెవికి పోవద్దు" అన్నాడు.

మా క్లినిక్ డాక్టరును పేరు చెప్పకుండా అడిగాను. దెబ్బ తిన్న కంటిని అట్లా వదిలేస్తే ఒక్కోసారి రెండోది కూడా పోతుందట. బావతో చెప్పు. ఆలస్యం చేయొద్దు.

నీ తమ్ముడు
సాంబయ్య


చెన్నూరు
18 డిసెంబరు 1986

తమ్మీ,

నీ ఉత్తరం మీ బావకు నేనే చదివి వినిపించాను, తలుపు వేసి. విని నేరుగా గ్రౌండుకు పోయాడు. అంతయ్య అక్కడ బంతి తన్నుకుంటున్నాడట. మీ బావ గోల్‌లో నిలబడి, ఎడమ కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకొని, తన్నమన్నాడట. ఎందుకో అంతయ్యకు చెప్పలేదు. ఇంటికొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"కనకవ్వా, బంతి లోపల పడ్డంకనే తెలిసింది నాకు. వాడు గట్లనే ఏడాది ఆడిండు. నేను వాన్ని తాగుబోతన్న."

అన్ని రోజుల తర్వాత అదే ఆయన నాతో సరిగా మాట్లాడిన మొదటి మాట.

మర్నాడే సెలవు పెట్టి మంచిర్యాలలో రైలెక్కాడు. భీవండిలో మన జిల్లా వాళ్ళే వాడలకు వాడలు. ఎవరో షెడ్డు చూపించారట. గంగయ్య మగ్గం దగ్గర తల ఒక పక్కకు వంచి, కుడికంటితో దారాలు చూసుకుంటున్నాడట.

"గుడ్డోన్ని చూసి పోదామని వచ్చినవా అన్నా?" అన్నాడట.

"ఆఫీసుల నీ పేరు చెడగొట్టలే గంగయ్యా. ఇంట్ల చెడగొట్టిన. గా తప్పు నాది. నడువు, కండ్లు చూపిద్దాం" అన్నాడట మీ బావ. రెండు రోజులు అక్కడే కూర్చుంటే కదిలాడు.

వస్తూనే కరీంనగర్‌లో కంటి డాక్టరుకు చూపించారు. ఎడమది ఇక రాదన్నాడు. కుడిదాన్ని కాపాడాలంటే మందులు ఆపొద్దు, ఎడమదాన్ని ఆపరేషన్ చేసి తీసేయాలి, ఈలోపు దెబ్బ తగలనీయొద్దు అన్నాడు. పండుగ దాటాక రమ్మన్నాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. జనవరిలో కరీంనగర్‌లో మన ఆఖరి ఆట ఉంది. దాని తర్వాత జట్టు ఉండదని అందరికీ తెలిసిపోయింది. ఆ ఒక్క ఆట ఆడి ఆపరేషన్‌కు పోతానంటాడు గంగయ్య. "అంగి కంబానికి తగిలేసి పోయినోన్ని. గట్లనే పోయినోన్నిగ ఉండిపోవాల్నా?" అంటాడు. మీ బావ సరేనన్నాడు. "నీ ఎడమ దిక్కు నేను నిలబడ్త" అన్నాడు. నలభై మూడేళ్ళ మనిషి, ఆ మోకాలితో!

నేను మొత్తుకున్నాను. బంతి వచ్చి కుడికంటికి తగిలితే ఆ ఇల్లు ఏమవుతుంది? పోశవ్వ కూడా గంగయ్యతో గొడవపడి అన్నం వండడం మానేసిందట. మా ఇద్దరి మాటా ఒకటే, కానీ ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. నీ జవాబు వచ్చేలోపు ఆట అయిపోతుందని తెలిసి కూడా అడుగుతున్నాను. ఏం చేయమంటావు?

అక్క
కనకవ్వ


మనామా
5 జనవరి 1987

అక్కా,

ఆడనివ్వొద్దు. బావ కాళ్ళు పట్టుకొని ఆపు. రాజలింగు నా పక్కనే ఉన్నాడు. ఆయనా అదే అంటున్నాడు. "మా బావ మొండోడు, మా అక్క ఆపలేదు, మీ అక్క నోటికే భయపడ్తడు" అంటున్నాడు. ఈ ఉత్తరం సమయానికి చేరుతుందో లేదో. ఫోను చేద్దామంటే మిల్లు ఆఫీసుకు చేయాలి, అక్కడ కారణం అడుగుతారు. చెయ్యలేకపోయాం.

సాంబయ్య, రాజలింగు


చెన్నూరు
27 జనవరి 1987

తమ్మీ,

మీ ఇద్దరి ఉత్తరం ఆట అయ్యాక అందింది. గాబరా పడకు, కుడికంటికి ఏమీ కాలేదు. ముందు ఆ మాట చదువుకో, తర్వాత మిగతాది.

కరీంనగర్‌కు నేనూ పోయాను, పోశవ్వా వచ్చింది. ఒకే బస్సు. ఆమె ముందు సీట్లో, నేను వెనక. గ్రౌండులో ఆమె నేరుగా పోయి గోల్ వెనక, ఎడమ కంబం దగ్గర నిలబడింది. నేను కుడి కంబం దగ్గర నిలబడ్డాను.

మీ బావ నెరిసిన తలతో అంగీ తొడుక్కొని దిగితే, ఈసారీ మనకు ఎదురైన బొగ్గుబాయిల వాళ్ళు "తాత వచ్చిండు" అని అరిచారు. సగం ఆట దాకా బాగానే నడిచింది. మీ బావ "ఎడమ! కింద!" అని అరవడం, గంగయ్య చూడకుండానే పడిపోయి బంతిని ఒడిలోకి తీసుకోవడం. ఆ కేక వినీ వినీ వాళ్ళకు అర్థమైపోయింది. రెండో సగంలో అన్నీ ఆ దిక్కుకే కొట్టారు. మీ బావ కుంటుతూ అడ్డం పడ్డాడు. తొడకు, వీపుకు, ఛాతీకి తగిలించుకున్నాడు. కొండల్‌రావు కూడా వెనక్కి ఉరికొచ్చి మట్టిలో పొర్లాడు తమ్మీ, తెల్లచొక్కా కొండల్‌రావు! పోశవ్వ కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది. ఒక బంతి గంగయ్య మొహం పక్క నుంచి కంబానికి తగిలి బయటికి పోయినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె కూడా నా దిక్కే చూస్తోంది.

ఓడిపోయాం. ఒకటి సున్నా. ఆఖర్లో పడిన ఆ గోల్ ఎడమ దిక్కు నుంచి రాలేదు. నేరుగా, నడుమ నుంచి, గుండు లెక్క వచ్చింది. ఎవరికైనా పడేదే. గంగయ్య కిందపడి లేచి, మట్టి దులుపుకుంటూ పెద్దగా నవ్వాడు. "గది నాకు మంచిగనే కనబడ్డది అన్నా!" అన్నాడు. మీ బావ వాణ్ణి పట్టుకొని ఏడ్చాడు. ఇద్దరూ అట్లా ఏడుస్తూ నవ్వుతూ ఉంటే, ఓడినవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో ఎవరికీ అర్థం కాలేదు.

నాలుగు రోజులకు ఆపరేషన్ అయింది. కుడికన్ను నిలిచింది. జట్టు మాత్రం నిలవలేదు. ఆఫీసు గోడ మీద కాగితం అంటించారు. విఠల్‌ను ఇంటికి పంపేశారు. పోయేముందు వచ్చి మీ బావకు దండం పెట్టి పోయాడు. అంతయ్యకూ మీ బావకూ షిఫ్టు డ్యూటీలు. గంగయ్య తానే పోయి కరుణాకర్‌రావు దొరకు కన్ను సంగతి చెప్పాడు. గేటు దగ్గర పని ఇమ్మని మీ బావ అడిగాడు. చూద్దామన్నాడు దొర. ఇంకా చూస్తూనే ఉన్నాడు. అది ఏమవుతుందో నాకు తెలియదు, తెలిసినట్టు రాయను.

నిన్న పొద్దున పోశవ్వ మా వాకిట్లోకి వచ్చింది. చేతిలో మీరున్న దేశానికి పంపే నీలం కాగితం. లోపలికొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"రాయి" అంది. "తమ్మీ రాజలింగూ, మీ బావ కుడికన్ను నిలిచింది. ఎడమది పోయింది. కొలువు సంగతి తెల్వదు. పిల్లలు మంచిగున్నరు. గీ ఉత్తరం కనకవ్వ రాస్తుంది."

నా కలం ఆగింది.

"ఆగినవేంది? రాయి. కనకవ్వ నోరు మంచిది కాదు. రాసే దస్కత్ మంచిగుంటది."

ఆమె అన్నది అన్నట్టే, ఒక్క అక్షరం మార్చకుండా రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. తల ఊపింది.

"ఇంకేమన్న రాయాల్నా?" అని అడిగాను.

"ఉన్నది గని" అంది పోశవ్వ, కాగితం మడిచి రొంటిన పెట్టుకుంటూ, "గది నేను మనసుల పెట్టుకుంట. అన్ని రాయద్దు."

అక్క
కనకవ్వ